మేక ధమనిని లాగి, కార్జాన్ని నొక్కి కొలవడం ఎలా: మెత్తటి కణజాలం మీద పని మొదలుపెట్టేవాళ్ళ కోసం

నా మొదటి గ్రాఫ్ చూడముచ్చటగా వచ్చింది. కాసేపు నేలబారుగా పోయి, మెల్లగా లేచి, నిటారుగా ఎక్కి, ఠపీమని కింద పడింది. మేక బృహద్ధమని ఇదిగో ఇంత బలం దగ్గర తెగుతుంది అని రాసుకుని మా గైడ్ సార్ దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన కాగితం ముట్టుకోలేదు. "ముక్క ఎక్కడుందమ్మా? ముక్క చూపించు" అన్నారు. డబ్బాలోంచి ఏరుకొచ్చి చూపిస్తే అది నిక్షేపంగా ఉంది, ఎక్కడా తెగలేదు. లాగే మెషీన్ పై గ్రిప్‌లోంచి జారిపోయింది, అంతే. నేను నాలుగు రోజులు కష్టపడి కొలిచింది గ్రిప్ పట్టు.

తిరుపతిలో ఐఐటీ, ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ, స్విమ్స్, వెటర్నరీ కాలేజీ అన్నీ ఒకే ఊరి చుట్టుపక్కల ఉన్నాయి కాబట్టి ఈ పని చేసే పిల్లలు ఏటా కొంతమంది తగులుతూనే ఉంటారు, అందరూ మెషీన్ గురించే అడుగుతారు. మెషీన్ సంగతి చివర. తప్పుల్లో ముప్పాతిక భాగం దాన్ని ఆన్ చేయకముందే జరిగిపోతాయి. అందుకే ఇక్కడ కోయడం, మందం చూడడం, పట్టుకోవడం గురించి ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి.

మొదట, మనం కొలిచేది ఏమిటి

స్టీలుకి యంగ్ గుణకం, అంటే లాగితే ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే సంఖ్య, సుమారు 200 గిగాపాస్కల్, చిత్తూరులో కొలిచినా చెన్నైలో కొలిచినా అంతే. కణజాలానికి అలా ఒకే సంఖ్య ఉండదు. లాగేకొద్దీ గట్టిపడుతుంది, అందుకే గ్రాఫ్ గీత వంకర తిరిగి పైకి లేస్తుంది. సరళరేఖ రాదని వెర్థైమ్ అనే ఆయన 1847లోనే గమనించాడు. కారణం లోపలి కొల్లాజెన్ పోగులు. అవి మామూలప్పుడు చీర కుచ్చిళ్ళలా ముడుచుకుని ఉంటాయి. మొదట లాగినప్పుడు కుచ్చిళ్ళు విప్పుకోవడమే, బలం పెద్దగా పట్టదు, ఆ భాగంలో భారం మోసేది రబ్బరులా సాగే ఎలాస్టిన్ పోగులు. కుచ్చిళ్ళన్నీ విప్పుకున్నాక గుడ్డ మీదే భారం పడుతుంది, అక్కడి నుంచి గీత నిటారు. దానికి తోడు లాగేటప్పుడు ఒక దారి, వదిలేటప్పుడు ఇంకో దారి. వేగంగా లాగితే ఒక జవాబు, నెమ్మదిగా లాగితే ఇంకో జవాబు. అడ్డంగా కోస్తే ఒకటి, నిలువుగా కోస్తే మరొకటి.

కణజాలానికీ కణజాలానికీ మధ్య తేడా కూడా మామూలుగా ఉండదు. మెదడు సుమారు 1 కిలోపాస్కల్, కార్జం కొన్ని కిలోపాస్కళ్ళు, మోకాలి మృదులాస్థి మెగాపాస్కల్ లెక్కల్లో, కండరాన్ని ఎముకకి కట్టే టెండాన్ గిగాపాస్కల్ దగ్గర. అంటే మెదడుకీ టెండాన్‌కీ పది లక్షల రెట్లు. కాబట్టి ఏ పరికరం వాడాలన్నది కణజాలాన్ని బట్టే. పీచులా ఉండి గ్రిప్‌లో పట్టుకోగలిగినవి, అంటే ధమని, చర్మం, టెండాన్ లాంటివి, లాగండి. పట్టుకుంటే నలిగిపోయేవి, కార్జం, మెదడు, కిడ్నీ, నొక్కండి.

ముక్క తెచ్చుకోవడం

మనిషి కణజాలం అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా అడుగు ముందుకు వేయొద్దు. మటన్ కొట్లో తెచ్చుకునే దానికి ఆ తతంగం సాధారణంగా ఉండదు, అయినా మీ సంస్థలో ఒకసారి అడిగి కాగితం మీద రాయించుకోండి, పేపరు పంపేటప్పుడు అడుగుతారు.

కొట్టుకి తెల్లవారుజామునే వెళ్ళాలి, కోసేటప్పుడు మనం అక్కడ ఉండాలి. ఆలస్యమైతే గుండెకాయ, ఊపిరితిత్తులు విడదీసేసి ధమనిని నడిమికి కోసేస్తారు. మొదటిసారి నేను "అన్నా, గుండెకాయ పైనుంచి వెన్నెముక వెంబడి పోయే గొట్టం కోయకుండా నిలువుగా ఇస్తారా" అంటే ఆయన కత్తి ఆపి "దేనికి సామీ, మందుకా?" అన్నాడు. లాగి చూడ్డానికి అన్నా అని చెబితే పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. ఇప్పుడు నేను కనబడగానే తీసి పక్కన పెడతాడు, డబ్బులు కూడా తీసుకోడు, కార్జానికి మాత్రం తీసుకుంటాడు.

క్యాలెండర్ చూసుకోండి. మన దగ్గర శనివారం చాలా ఇళ్ళలో మాంసం వండరు, పెరటాసి నెలంతా ముట్టనివాళ్ళూ ఎక్కువే, కాబట్టి సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ప్రయోగాలు పెట్టుకుంటే మేకలు దొరక్క ఏడుస్తారు. ఆదివారం దొరుకుతాయి గానీ కొట్టాయనకి మీతో మాట్లాడే తీరిక ఉండదు. నాకు మంగళ, బుధవారాలు అచ్చొచ్చాయి.

కోసిన టైము, మేక వయసు ఉజ్జాయింపుగా, ఆడా మగా, ధమనిలో ఏ భాగం అన్నది అక్కడే నోట్‌బుక్‌లో రాయండి. గుండె దగ్గరి భాగం, పొట్ట దగ్గరి భాగం ఒకేలా ప్రవర్తించవు.

దారిలో, ఫ్రిజ్‌లో

లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అది సెలైన్. ఫాస్ఫేట్ బఫర్ ఉంటే ఇంకా మేలు, పీహెచ్ 7.4 ఉండాలి. మంచినీళ్ళలో వేయకండి, డిస్టిల్డ్ వాటర్ అసలే వద్దు, కణజాలం నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. ముక్కని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఐస్ మీద పెట్టండి. ఐస్ నేరుగా ముక్కకి తగలకూడదు.

4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే, తప్పితే 24 గంటల లోపు పని ముగించండి. మైనస్ 20లో గడ్డకట్టించి దాచితే ధమని, టెండాన్ కొంతవరకు ఓర్చుకుంటాయి. కార్జం ఓర్చుకోదు, ఐసు పలుకులు కణాల్ని చీల్చేస్తాయి, కరిగాక మెత్తబడిన వేరే పదార్థం మీ చేతిలో ఉంటుంది. ఇంకో జాగ్రత్త, కరెంటు పోయి ముక్క కరిగి, మళ్ళీ గడ్డకట్టి ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. నేను ఫ్రీజర్‌లో చిన్న గ్లాసులో ఐసుగడ్డ మీద రూపాయి బిళ్ళ పెట్టి ఉంచుతాను. బిళ్ళ అడుక్కి దిగిపోయి ఉంటే రాత్రి కరెంటు చాలాసేపు పోయిందని అర్థం.

కోయడం

బయట అంటుకున్న కొవ్వుని సన్నటి కత్తెరతో తీసేయండి. ధమనిని నిలువుగా చీల్చి పరచక ముందు ఒక సరదా పని చేయండి. సన్నటి ఉంగరంలా ఒక ముక్క కోసి సెలైన్‌లో వేసి, ఉంగరాన్ని ఒక చోట తెంపండి. అది ఊరుకోదు, సీ అక్షరంలా విచ్చుకుంటుంది. అంటే ఏ బలమూ లేదనుకున్నప్పుడు కూడా గోడలో ముందే టెన్షన్ దాగి ఉంది. మీ ప్రయోగంలో సున్నా ఎక్కడో నిర్ణయించడం ఎందుకంత కష్టమో ఈ ఒక్క ముక్క చూస్తే తెలిసిపోతుంది.

ఇక పట్టీలు. రెండు బ్లేళ్ళని 5 మి.మీ. ఎడంతో ఒకే చెక్కకి బిగించి ఒక్క నొక్కుతో కోస్తే అంచులు సమాంతరంగా వస్తాయి. కత్తెరతో కోస్తే పట్టీ ఒక చోట సన్నంగా, ఒక చోట వెడల్పుగా వస్తుంది, అది సన్నగా ఉన్న చోటే తెగుతుంది. చుట్టుకొలత దిశలో కోసినవి వేరుగా, పొడుగు దిశలో కోసినవి వేరుగా పెట్టండి. కోయకముందే ఒక మూలన దారంతో కుట్టు వేయండి. ఒకసారి పట్టీ చేతిలోకి వచ్చాక ఏది అడ్డమో ఏది నిలువో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

చర్మం మీద పనిచేసేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. లాంగర్ అనే వైద్యుడు 1861లో శవాల చర్మం మీద గుండ్రటి పోటు పొడిచి, ఆ రంధ్రాలు గుండ్రంగా ఉండకుండా ఒక దిశలో సాగడం చూసి గీతల పటం గీశాడు. ఆ గీతల వెంబడి ఒక గట్టిదనం, అడ్డంగా ఇంకోటి.

మందం, ఇక్కడే అసలు గొడవ

స్ట్రెస్ అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. వైశాల్యం అంటే వెడల్పు ఇంటూ మందం. మందంలో 10 శాతం పొరపాటు పడితే స్ట్రెస్‌లోనూ అంతే పొరపాటు, తర్వాత ఎంత ఖరీదైన మెషీన్ వాడినా అది పోదు. వెర్నియర్ కాలిపర్స్‌తో పట్టుకున్నారా, దవడలు మెత్తగా లోపలికి దిగిపోతాయి, 1.6 మి.మీ. ఉన్నది 1.2 చూపిస్తుంది. ఇంకొంచెం నొక్కితే 1 చూపిస్తుంది. మీకు నచ్చిన సంఖ్య వచ్చేదాకా నొక్కొచ్చు.

నేను చేసేది ఇది. మైక్రోస్కోపు గాజు పలకలు రెండు తీసుకుని, వాటి మందం ముందే స్క్రూగేజీతో కొలిచి రాసుకుంటాను. ముక్కని ఒకదాని మీద పరచి రెండోది మీద వాలుస్తాను, పై పలక బరువు తప్ప ఇంకేం ఉండదు. పక్క నుంచి, పలకల ఎత్తులోనే కెమెరా పెట్టి, పక్కన మి.మీ. స్కేలు ఆనించి ఫోటో తీస్తాను. కంప్యూటర్లో పెద్దది చేసి మూడు చోట్ల పలకకీ పలకకీ మధ్య ఎడం కొలిచి సగటు వేస్తాను. లేజర్ ఉన్నవాళ్ళు అదే వాడుకోండి, అదృష్టవంతులు.

గ్రిప్‌లో పెట్టడం

తడి ముక్క, నున్నటి స్టీలు, పరిచయం చేయక్కర్లేదు, జారుతుంది. బాగా బిగిస్తే అక్కడే నలిగి అక్కడే తెగుతుంది. మధ్యేమార్గం ఉప్పుకాగితం. 400 నంబరు ఉప్పుకాగితం ముక్కల్ని గరుకు వైపు లోపలికి వచ్చేలా పట్టీ రెండు చివర్లకీ అటూ ఇటూ అతికించి, ఆ కాగితాన్ని గ్రిప్‌లో బిగించండి. అతికించడానికి ఫెవిక్విక్ పనిచేస్తుంది, కానీ ఒకే చుక్క, అదీ చివర్లని టిష్యూ కాగితంతో ఒత్తి తడి తీసేశాక. తడి మీద వేస్తే జిగురు తడి వెంబడి పట్టీ మధ్యకి పాకి తెల్లగా గడ్డకడుతుంది, ఆ తర్వాత మీరు లాగేది జిగురు పూసిన ధమనిని.

పట్టీ మీద సన్నటి బ్రష్షుతో ఇండియన్ ఇంకు చుక్కలు పెట్టండి. మధ్యలో రెండు, గ్రిప్ అంచుల దగ్గర చెరొకటి. మొత్తం పరీక్ష వీడియో తీయండి. మధ్య చుక్కల దూరం మొదటి దూరంలో ఎంత శాతం పెరిగిందన్నదే మీ అసలు స్ట్రెయిన్. గ్రిప్‌కీ గ్రిప్‌కీ మధ్య దూరం నమ్ముకుంటే జారిన ప్రతి మి.మీ. కూడా సాగినట్టే లెక్కకి వస్తుంది. గ్రిప్ దగ్గర చుక్క గ్రిప్ నుంచి దూరంగా జరుగుతూ ఉంటే ముక్క జారుతోందన్నమాట, పరీక్ష ఆపేయండి. నా మొదటి గ్రాఫ్‌కి ఈ చుక్క ఒకటి ఉండి ఉంటే నాలుగు రోజులు మిగిలేవి.

లోడ్‌సెల్ చూసుకోండి

కాలేజీలో ఉన్న యూటీఎం, అంటే లాగి పరీక్షించే మెషీన్, స్టీలు కడ్డీలు తెంపడానికి కొన్నది. దాని లోడ్‌సెల్, అంటే బలాన్ని కొలిచే భాగం, 50 కిలోన్యూటన్లో, 100 కిలోన్యూటన్లో ఉంటుంది. మన పట్టీ మామూలు పరిధిలో మోసేది 1 న్యూటన్ లోపు. మామిడికాయల లారీని తూచే వేబ్రిడ్జి మీద ముక్కుపుడక తూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ధమనికి 10 న్యూటన్ల లోడ్‌సెల్ సరిపోతుంది. సెల్ సామర్థ్యంలో 1 శాతానికి లోపల వచ్చే రీడింగుల్ని నేను నమ్మను.

సున్నా, అలవాటు చేయడం, లాగడం

పట్టీ వేలాడుతూ ఉన్నప్పుడు దాని పొడవెంత? వదులుగా ఉంటే ఒకటి, కాస్త బిగిస్తే ఒకటి. అందుకని చిన్న ముందస్తు బలం, 0.1 న్యూటన్ అనుకుందాం, ఆ బలం తగిలిన క్షణంలో మధ్య చుక్కల దూరమే అసలు పొడవు అని నిర్ణయించుకుని అన్ని పట్టీలకీ అదే వాడండి. ఎంత వాడారో రాయండి కూడా.

తర్వాత పట్టీని అలవాటు చేయాలి. మొదటిసారి లాగి వదిలినప్పుడు వచ్చే గీత, రెండోసారి వచ్చే గీత కలవవు. మూడోది కొంచెం దగ్గరికి వస్తుంది. అలా పదిసార్లు లాగి వదిలితే చివరి రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి, అప్పుడు అసలు కొలత మొదలు. ఇక్కడ జూనియర్లు పడే తప్పు: 20 శాతం దాకా అలవాటు చేసి 40 శాతం దాకా కొలుస్తారు. 20 దాటగానే అది మళ్ళీ కొత్త ముక్కే. ఎంత దాకా కొలవాలో అంత దాకా అలవాటు చేయండి.

వేగం సెకనుకి 1 శాతం లేదా అంతకన్నా తక్కువ, ఏదో ఒకటి పెట్టుకుని మార్చకండి. పరీక్ష జరిగినంతసేపూ ముక్క తడిగా ఉండాలి. 37 డిగ్రీల సెలైన్ తొట్టిలో మునిగి ఉంటే ఉత్తమం, లేదంటే స్ప్రే బాటిల్‌తో తడుపుతూ ఉండండి. మే నెలలో మన ఊళ్ళో ఎండ 40 దాటుతుంది, పైన ఫ్యాను తిరుగుతుంటే ధమని కాసేపటికే అప్పడంలా ఎండుతుంది, ఎండినది గట్టిగా ఉంటుంది, మీరేమో జబ్బు చేసిన ధమని దొరికిందని సంబరపడతారు.

లెక్క

పట్టీ వెడల్పు 5 మి.మీ., మందం 1.6 మి.మీ. అనుకుందాం. వైశాల్యం 8 చదరపు మి.మీ. అసలు పొడవుకి 1.4 రెట్లు సాగినప్పుడు లోడ్‌సెల్ 0.8 న్యూటన్ చూపింది. మొదటి వైశాల్యంతో భాగిస్తే 100 కిలోపాస్కల్. కానీ సాగిన పట్టీ సన్నబడింది కదా. కణజాలంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఘనపరిమాణం మారదనుకుంటే, ఆ సంఖ్యని 1.4తో గుణిస్తే నిజమైన స్ట్రెస్ 140 కిలోపాస్కల్. ఏది వేశారో చెప్పకుండా ఒట్టి సంఖ్య రాసేవాళ్ళు చాలామంది, రెండింటి మధ్య తేడా ఇక్కడే 40 శాతం.

సంఖ్య నమ్మదగ్గదేనా అని ఒక మోటు పరీక్ష: రక్తపీడనం ఇంటూ వ్యాసార్ధం బై గోడ మందం. 100 మి.మీ. పాదరసం అంటే 13.3 కిలోపాస్కల్, వ్యాసార్ధం 8 మి.మీ., ఆ పీడనానికి సాగిన గోడ మందం 1.2 మి.మీ. అనుకుంటే 89 కిలోపాస్కల్ దగ్గర వస్తుంది. అంటే ధమని రోజూ బతికేది 100 కిలోపాస్కళ్ళ చుట్టుపక్కలే. మీ గ్రాఫ్‌లో గట్టిదనం చెప్పాల్సింది కూడా ఆ చుట్టుపక్కల వాలుతోనే, తెగే ముందు వచ్చే నిటారు భాగంతో కాదు. ఒక్క యంగ్ గుణకం రాసి ఊరుకోకుండా ఏ స్ట్రెయిన్ దగ్గర ఎంత వాలు అని రెండు మూడు చోట్ల ఇవ్వండి.

ఇంకో అందమైన పద్ధతి ఉంది. ప్రతి బిందువు దగ్గరా వాలు లెక్కగట్టి, ఆ వాలుని స్ట్రెస్‌కి ఎదురుగా గీయండి. ఫంగ్ అనే ఆయన 1967లో కుందేలు పేగుల పొర మీద ఇలాగే గీస్తే సరళరేఖ వచ్చింది, అంటే అసలు గీత ఎక్స్‌పొనెన్షియల్ అన్నమాట. ఎక్సెల్‌లో పది నిమిషాల పని. రేఖ వాలు, అది అక్షాన్ని తాకే చోటు, ఈ రెండు సంఖ్యలతో మొత్తం వంకర గీత చెప్పేయొచ్చు.

కార్జాన్ని నొక్కడం, చవకలో

దీనికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. 0.01 గ్రాము తూచే ఎలక్ట్రానిక్ కాటా, 6 మి.మీ. సైకిల్ బేరింగ్ గుండు, నిలువుగా దిగే మైక్రోమీటర్ స్క్రూ చాలు. గుండుని స్క్రూ చివర అతికించండి. కాటా మీద 20 మి.మీ. మందం తగ్గని కార్జం ముక్క. ముక్క పలచగా ఉంటే గుండు కింద ఉన్న గట్టి పళ్ళెం బలం కూడా కలిసి గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది. పైన పొర, లోపల పెద్ద రక్తనాళాలు లేని చోటు చూసుకోండి.

గుండు తగిలిన క్షణం కాటా మీద తెలుస్తుంది, అదే సున్నా. అక్కడి నుంచి 0.5 మి.మీ. దించి, ప్రతిసారీ ఒకే సెకన్ల తర్వాత రీడింగ్ తీసుకోండి. హెర్ట్జ్ అనే ఆయన 1882లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఘనపరిమాణం మారని పదార్థానికి, బలాన్ని 9తో గుణించి, 16తోనూ, గుండు వ్యాసార్ధపు వర్గమూలంతోనూ, లోతు 1.5 ఘాతంతోనూ భాగించాలి. అన్నీ మీటర్లు, న్యూటన్లలోనే. కాటా 0.5 గ్రాము చూపిందంటే 0.0049 న్యూటన్. వ్యాసార్ధం 0.003, లోతు 0.0005 వేస్తే సుమారు 4,500 పాస్కల్, అంటే 4.5 కిలోపాస్కల్. మొదటిసారి ఇది కాగితం మీద వచ్చినప్పుడు, ఆసుపత్రుల్లో లివర్ స్కాన్ రిపోర్టుల్లో చూసే సంఖ్యల దగ్గరే ఉందే అని ఎంత సంతోషమేసిందో. కొలిచే తీరు వేరు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, అయినా సరే.

ఫ్యాను ఆపండి. గాలికే కాటా ఊగుతుంది. తడి ఆరిపోతూ ఉంటే బరువు తగ్గుతూ కనిపిస్తుంది, గుండు తాకకుండా రెండు నిమిషాలు కాటాని చూసి ఆ తగ్గుదల ఎంతో రాసుకుని తర్వాత సరిచేయండి. చెమట కారుతూ ఉంటుంది, తప్పదు. కార్జం మీద మొదలుపెట్టే ముందు చైనా గ్రాస్ కాచి గిన్నెలో పోసి దాని మీద పదిసార్లు కొలవండి. పదిసార్లూ దగ్గర దగ్గరగా రాకపోతే తప్పు కార్జానిది కాదు.

గుండుని దించి అలాగే ఉంచితే రీడింగ్ తగ్గుతూ పోతుంది. పాడైంది అనుకోకండి, కణజాలం సడలుతోంది. మొదటి సెకన్లలో గబగబా, తర్వాత నింపాదిగా. 300 సెకన్ల దాకా రాసుకుని చివరి బలాన్ని మొదటి బలంతో భాగించి ఆ నిష్పత్తి కూడా ఇవ్వండి. ధమని పట్టీని లాగి పట్టుకున్నా ఇదే చేయొచ్చు.

ఎన్ని కొలవాలి

ఒక మేక నుంచి ఎనిమిది పట్టీలు తీసి ఎనిమిది శాంపిల్స్ అని రాయకండి. అది ఒక్క మేక. పట్టీల సగటు ఆ మేక సంఖ్య, అలాంటి మేకలు ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. గ్రిప్ దగ్గర తెగినవీ, జారినవీ తీసేయండి, ఎన్ని తీసేశారో మాత్రం దాచకండి.

శుభ్రం

గ్లౌజులు మొదటి నుంచీ ఉండాలి, మేకల నుంచి బ్రూసెల్లా లాంటి సూక్ష్మక్రిములు మనుషులకి అంటుకుంటాయి. మిగిలిన ముక్కలు 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలోకి, హాస్టల్ వెనక కుక్కలకి కాదు. బల్లని బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో తుడవండి. గ్రిప్‌లని మాత్రం బ్లీచింగ్‌తో వద్దు, మంచినీళ్ళతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, చుక్క నూనె రాయండి. సెలైన్ ఒక్క రాత్రి ఉండిపోయినా మరలు తుప్పు పట్టి పొద్దున తిరగవు, అప్పుడు మెకానికల్ వర్క్‌షాప్ అన్నయ్యని బతిమాలుకోవాల్సి వస్తుంది.